కేబుల్ పట్టుకున్న అక్క

తిరువళ్ళూరులో లోకల్ రైలెక్కి, టెస్ట్ ఫోన్‌ను లాప్‌టాప్‌కు తగిలించుకుని కూర్చున్నాను. ఆ ఫోన్ ఆన్ అవుతూ అవుతూ మధ్యలో ఆగిపోతోంది. ఎక్కడ ఆగుతోందో లాప్‌టాప్‌లోని కెర్నెల్ డీబగ్గర్ అనే ప్రోగ్రామ్ చూపించాలి. కానీ రైలు కుదిపినప్పుడల్లా కేబుల్ వదులై లింకు తెగిపోయేది. మళ్ళీ మొదటికే! విసుగొచ్చి తెలుగులో తిట్టుకున్నాను.

ఎదురుగా నూలు మూటతో కూర్చున్నావిడ నవ్వింది. "తెలుగోళ్ళేనా? తమిళోళ్ళనుకుంటి. ఇట్లియ్యి నాయనా, నేను పట్టుకుంటా" అని ఫోన్‌నూ కేబుల్ మొననూ కలిపి వేళ్ళతో అదిమి పట్టింది.

"కదిలితే పోతుందక్కా."

"మగ్గం పని చేసే చెయ్యిది. కదలదులే."

నిజంగానే కదల్లేదు. నేను తెర మీంచి కళ్ళు తిప్పలేదు. అరక్కోణం దాటాక తప్పు దొరికింది. సంతోషంగా తలెత్తితే, ఆవిడ చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"మీరు యాడ దిగాలక్కా?"

"తిరువాలంగాడు. ఎప్పుడో పోయినాది."

"అయ్యో! చెప్పకూడదా?"

"మగ్గానికి పడుగు దారాలు సాగదీసేటప్పుడు అవతలోళ్ళు విడవమనేదాకా కొస విడవం నాయనా. నువ్వు అననే లేదే?"

"విడవండక్కా" అన్నాను. అప్పుడు వేళ్ళు విప్పింది. బొటనవేలి మీద కేబుల్ మొన అచ్చు పడి ఉంది.

తిరుత్తణిలో దిగి, ఆవిణ్ణి వెనక్కెళ్ళే రైలెక్కించాను. పేరడగడం తోచలేదు.

ఇప్పటికీ ల్యాబులో ఎవరైనా నా కోసం కేబుల్ పట్టుకుంటే, "మీరు యాడ దిగాల?" అని ముందే అడుగుతాను. హాస్యమనుకుని నవ్వుతారు.