తొలివాన నీళ్ళు

తిరువూరులో నాతో కలిసి చదువుకున్న టైలరు గారి అబ్బాయి ఇప్పుడు అండమాన్‌లో ఒక తెరచాప పడవ మీద ఉంటున్నాడు. ఓడల్లో ఇంజను పని చేసి రిటైరయ్యాక పాత పడవ కొని, బాగుచేసుకుని, పోర్ట్‌బ్లెయిర్ రేవులో లంగరు వేసుకున్నాడు. భార్య పోయాక ఊరికి తిరిగి వస్తాడనుకున్నాను. రాలేదు. మామిడికాయలు ఆఖరయ్యే రోజుల్లో, విస్సన్నపేట తోటలో దోరగా కోయించిన రసాలు పెట్టెడు పట్టుకుని నేనే బయల్దేరాను.

నేను సర్వే శాఖలో పనిచేశాను. ఎక్కడికి వెళ్ళినా ఆ చోటి పద్ధతి తెలుసుకుని డైరీలో రాసుకుంటేగాని నాకు నిద్రపట్టదు. పడవ మీద పద్ధతులకు కొదవలేదు. తెల్లవారగానే మా వాడు డెక్కు మీద నిలబడి, ఒడ్డున ఉన్న సెల్ టవరూ దాని ముందున్న కొబ్బరిచెట్టూ ఇంచుమించు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూస్తాడు. ఉంటే రాత్రి లంగరు జారలేదన్నమాట. గొలుసు పట్టి పొలాలు కొలిచిన నాకు ఈ పని ఎంతో నచ్చింది. గిన్నెలు సముద్రపు నీళ్ళతో తోమి, చివర్లో గ్లాసెడు మంచినీళ్ళతో తొలుస్తాడు. స్నానమూ అంతే. బకెట్లతో ఉప్పునీళ్ళు పోసుకుని, ఆఖరున ఒక్క చెంబు మంచినీళ్ళు. ఆ చెంబు మానేస్తే ఒళ్ళంతా దురద. మంచినీళ్ళు కావాలంటే చిన్న పడవేసుకుని ఒడ్డుకు వెళ్ళి డబ్బాలతో తెచ్చుకోవాలి, లేదంటే వాన పట్టాలి. అందుకోసం డెక్కు మీద టార్పాలిన్ పందిరి కట్టాడు. తిరువూరు బస్టాండు పక్కన వాళ్ళ నాన్న కొట్లో ఉండే కుట్టుమిషను ఇప్పుడు పడవలోనే ఉంది, పందిరి కూడా దాని మీదే కుట్టాడు. పందిరి మధ్యలో పల్లంగా ఒక కన్నం, దానికి ఒక గొట్టం, గొట్టం రెండో చివర ట్యాంకు మూతి దగ్గర.

ఇవన్నీ నేను కూర్చుని చూసి తెలుసుకున్నవి. ఒక్క పని కూడా నన్ను ముట్టుకోనివ్వలేదు. తెడ్డు పట్టుకోబోతే, "వద్దులే, నువ్వు కూర్చో, ఎండగా ఉంది" అన్నాడు. మంచి పరుపు నాకు వేసి తను బల్ల మీద పడుకున్నాడు. నాకు మాత్రం టీ కప్పు సాసరులో పెట్టి ఇచ్చేవాడు. బళ్ళో నన్నడక్కుండా నా డబ్బా మూత తీసి తినేసినవాడు, ఇప్పుడు నా ముందు ప్లేటు పెట్టి ఇంకొంచెం వేసుకోమంటున్నాడు.

పక్క పడవ కాకినాడ ఆయనది. ఓడల్లో వంట చేసి రిటైరయ్యాడట. పొద్దున టీ వేళకి వచ్చేవాడు, సాయంత్రం టీ వేళకీ వచ్చేవాడు. అడక్కుండా నా పెట్టెలో చెయ్యి పెట్టి మెత్తబడిన పండు ఏరుకుని, నేను కూర్చునే చోటే కూర్చుని రసం పీల్చేవాడు.

"ఒరేయ్, ఆ టెంక నా డెక్కు మీద పడేశావంటే నిన్ను కూడా దానెనకాలే పడేస్తాను" అనేవాడు మా వాడు.

"ముందు నీ డెక్కు కడుక్కోవయ్యా బాబూ, తర్వాత మాట్లాడుదువుగాని."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. కానీ ఆ తిట్లు నావి. తిరువూరు వీధుల్లో, సినిమా హాలు వరసల్లో, పెనుగొలను వెళ్ళే బస్సు టాపు మీద, అన్నేళ్ళూ అవి నన్ను తిట్టిన తిట్లు. డైరీలో గాలి ఏ వైపు నుంచి వీచిందో రాశాక, కాకినాడ ఆయన తిన్న పళ్ళ లెక్క కూడా రాసేవాణ్ణి. నేను అంత దూరం వెళ్ళింది పడవ చూడటానికి కాదు. వాడికి నేనింకా వాడి మనిషినా, లేక చుట్టపుచూపుగా వచ్చినవాడినా, అది తేల్చుకోవడానికి.

ఒక మధ్యాహ్నం నిద్రలేచి పైకి వచ్చేసరికి పెద్ద వాన. ఇద్దరూ తడిసి ముద్దయి, గొట్టం ట్యాంకులో పెట్టి, చిన్నపిల్లల్లా కేకలేస్తున్నారు. నన్నెందుకు లేపలేదని అడిగాను. తడిస్తే జలుబు చేస్తుందని లేపలేదట.

ఆ తర్వాత కొన్నాళ్ళు వాన లేదు. గాలి మాత్రం గట్టిగా వీచేది. అలల తుంపర లేచి డెక్కంతా తెల్లగా ఉప్పు పేరుకుంది. అలాంటి ఒక రోజు మా వాడు కూరగాయల కోసం ఒడ్డుకు వెళ్ళినప్పుడు దక్షిణాన మబ్బు పట్టింది.

ఎండాకాలం మా వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వచ్చే చప్పుడైతే బిందెలతో ఎలా పరిగెత్తాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మొదటి ధార వదిలిపెట్టేవాడు మా వీధిలో లేడు. చినుకు పడగానే గొట్టం తీసుకెళ్ళి ట్యాంకులో దూర్చాను. పందిరి పల్లంలోకి నీళ్ళు బాగా దిగేలా అంచులు ఎత్తి పట్టుకున్నాను. పక్క పడవ మీద కాకినాడ ఆయన రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. వాన హోరులో మాట వినపడలేదు. ఈ పని తన చేతిలోంచి పోతోందని ఆయనకు బాధగా ఉందనుకున్నాను. సంతోషంగా ఆయనకు వీపు తిప్పాను.

వాన వెలిశాక మా వాడు వచ్చాడు. నిండిన ట్యాంకు చూపించాను. వాడు గొట్టం వైపు చూశాడు, పందిరి వైపు చూశాడు. గ్లాసులో కొంచెం పట్టి నోట్లో పోసుకుని సముద్రంలోకి ఉమ్మేశాడు.

"ఒరేయ్, నీకసలు బుద్ధుందా? తొలివాన పందిరి కడగడానికిరా, తాగడానికి కాదు. వేలు ముంచి, నాలిక మీద వేసుకుని, ఉప్పు పోయాక గొట్టం పెట్టాలి. ఉన్న మంచినీళ్ళు కూడా ఉప్పు చేసి కూర్చున్నావు కదరా."

నాకు సిగ్గుగానే ఉంది. కానీ ఆ 'ఒరేయ్' విని ఎన్నాళ్ళయిందో.

కాకినాడ ఆయన తన పడవ మీంచి పకపకా నవ్వుతూ, తన దగ్గర డబ్బాలున్నాయి, తెచ్చిస్తానన్నాడు.

"నీ నీళ్ళేం వద్దు. నువ్వు నవ్వకు కూడా. వీణ్ణి తిడితే నేను తిట్టాలి" అని, మా వాడు ఖాళీ డబ్బాలు చిన్న పడవలోకి విసిరాడు. నన్ను అందులో కూర్చోబెట్టి తెడ్డు నా ఒళ్ళో పడేశాడు. "లాగు. కూర్చుని టీలు తాగడానికొచ్చావా?"

తెడ్డు వేయడం నాకు రాదు. పడవ గుండ్రంగా తిరిగింది. దానికి కూడా తిట్టాడు. బళ్ళో నాకు లెక్కల్లో తక్కువొచ్చిన మార్కుల దగ్గర మొదలుపెట్టి, వాళ్ళ నాన్న కొట్లో నేను విరగ్గొట్టిన సూది దాకా తిట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒడ్డు ఇంకా దూరంగానే ఉంది. అది ఇంకాస్త దూరంగా ఉన్నా నాకేం ఇబ్బంది లేదనిపించింది.

మధ్యలో ఒకసారి వెనక్కి చూశాను. కాకినాడ ఆయన తన డెక్కు మీద ఒక్కడే కూర్చుని మా వైపే చూస్తున్నాడు. టీ వేళయింది. ఆయన చెయ్యి ఊపాడు.

నేను ఊపలేదు. తెడ్డు వదలకూడదు కదా.