నల్ల ఉన్ని దారం

సూర్యాపేటలో కంప్యూటర్లు బిగించే పరశురాములు పవర్ సప్లై పెట్టె మీద అచ్చేసిన వైరు పొడవును ఏనాడూ నమ్మడు. తండ్రి బీరన్న గొంగడి నేయగా మిగిలిన నల్ల ఉన్ని దారాన్ని ఖాళీ క్యాబినెట్‌లో వైరు పోయే దారి పొడవునా పరిచి, అందిన చోట ముడి వేస్తాడు. తర్వాత దారాన్ని వైరు పక్కన పెట్టి, ముడిదాకా వచ్చిందే కొంటాడు. పెదవుల మధ్య స్క్రూ పెట్టుకుని, మాట్లాడకుండా బిగిస్తాడు.

ఆ రోజు కొత్త కంప్యూటర్ చేయించుకోను కోదాడ నుంచి వచ్చిన కృపారాణి ఎదురుగా నిలబడి ఉంది. సాయంత్రానికి ఆమె ఒక పెళ్లి ఆల్బం తయారుచేసి ఇవ్వాలి. అడుగునున్న పవర్ సప్లై నుంచి బోర్డు వెనకగా పైకి తెచ్చిన వైరు, ప్రాసెసర్ పక్క సాకెట్‌కు రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది.

"కొంచెం లాగితే అందదా అన్నా?"

అతను లాగలేదు. బోర్డు ముందు నుంచి అడ్డంగా తెస్తే అందింది గానీ, ఫ్యాను రెక్కలకు ఆనుతోంది. మూత పెడితే ఎవరికీ కనపడదు. మూత మీద పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. దారం తీసి చూశాడు. వదులుగా ఉన్నప్పుడు వైరుకు సరిపోయిన ముడి, గుంజగానే రెండు వేళ్లు ముందుకు పోయింది.

స్క్రూ నోట్లోంచి తీశాడు. "తప్పు వైరుది కాదు చెల్లె. ఉన్ని సాగుతది. క్యాబినెట్‌ల కొలిచేటప్పుడు నేనే గట్టిగ గుంజిన."

తన కంప్యూటర్ ఆపి, విప్పి, అందులోని పవర్ సప్లైని ఆమె క్యాబినెట్‌లో పెట్టాడు. వైరు అంది, ఇంకా జానెడు మిగిలింది.

"మరి మీదెలా?"

"నా దాంట్ల పెండ్లి ఫోటోలు లేవు గద," అని స్క్రూను మళ్లీ పెదవుల మధ్య పెట్టుకున్నాడు.