వదిన చెయ్యి, విరిగిన జిగురు మందు

మొన్న మా అన్నయ్య మనవరాలు నూజివీడులో బస్సు దిగి సరాసరి నా దగ్గరికొచ్చి, ల్యాప్‌టాప్ నా మంచం మీద పెట్టి ఒక గ్రాఫు గీత చూపించింది. తన పరిశోధన గొడవ ఇంట్లో చివరిదాకా వినేవాణ్ణి నేనొక్కణ్ణే. నేను చదివింది అయిదో తరగతి. తక్కినదంతా నేను కొన్నాళ్లు పనిచేసిన పాతకాగితాల కొట్టుకు తూకానికొచ్చిన పుస్తకాల్లో నేర్చుకున్నదే. గీత కొంతదూరం నేలబారుగా పోయి, నీళ్ల వేడి ఇరవై అయిదు డిగ్రీలు దాటగానే ఉన్నట్టుండి పైకి లేచింది. చల్లటి నీళ్లల్లో తను పరిశోధించే పాలిమర్ గొలుసులు దేనికది విడిగా తిరుగుతాయట. వేడెక్కేసరికి నీళ్లు గిట్టని ముక్కలు లోపలికి ముడుచుకుని, గిట్టేవాటిని బయట కాపలా పెట్టి, గుంపులు కడతాయట. ఆ గుంపులు కంటికి ఆనవు కాబట్టి నీళ్లల్లో కరగని ఒక రంగు వేస్తారు. అది గుంపు కడుపులో దూరగానే రంగును కొలిచే స్పెక్ట్రోమీటర్‌కి దొరికిపోతుంది, గీత లేస్తుంది. "ఈ పాలిమర్ పొడి మాత్రం ఐసులో పెట్టిన నీళ్లల్లోనే కలపాలి చిన్నతాతయ్యా. వెచ్చటి నీళ్లయితే ఉండలు కట్టేస్తుంది. మొదటి నెలంతా నాకదే పని" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆ పిల్ల నాయనమ్మ, అంటే మా వదిన, ముసునూరు వైపు ఒక మామిడితోటలో పూతకు కొట్టే పురుగుమందు కలిపేది. నేనూ అక్కడే కూలీకి పోయేవాణ్ణి. మందు ఆకుల్ని అంటిపెట్టుకోవడానికి అందులో జిగురు మందు పోసేవాళ్లం. ఆ జిగురూ ఈ పాలిమరూ ఒకటి కాకపోవచ్చు, కానీ వేడి దగ్గర రెండింటి తిక్కా ఒక్కటే. తెల్లారేసరికి బావినీళ్లు తోడి నీడన పెట్టి, వాటిలోనే కలపాలని వదిన పట్టు. ఎందుకో ఆమెకూ తెలియదు, చేతికి తెలుసు. ఒక ఏడాది తేనెమంచు పురుగు తోటంతా కమ్మేసింది. తోట ఆసామి మిట్టమధ్యాహ్నం వచ్చి, ఎండలో కాగిన ఇనప డ్రమ్ము నీళ్లే పొయ్యమన్నాడు. వదిన వద్దంది. పోసింది నేను. జిగురు పాలు విరిగినట్టు విరిగిపోయింది. మందు ఆకు మీద నిలవలేదు, పూత మాడిపోయింది.

"ఏంటమ్మా, దూరంగా ఉండాల్సిన రోజుల్లో మందులో చెయ్యి పెట్టావా?" అన్నాడు ఆ పెద్దమనిషి, కూలీలందరి ముందూ.

"నీళ్లు కాగాయండీ" అంది వదిన. అంతే అంది.

పక్కనే ఖాళీ బకెట్టుతో నించున్నాను నేను.

తోటలో పని పోతే పోయింది, ఊళ్లో చెడ్డపేరు పడింది. మామిడికాయ మీద బతికే మా వైపు, చెయ్యి మంచిది కాదని పేరొచ్చిన ఆడమనిషిని ఏ ఆవకాయ జాడీ దగ్గరికీ రానివ్వరు. ఏటా వేసవిలో వీధి వీధంతా కాయలు కొడుతుంటే, వదిన కాయలు తుడిచిన గుడ్డలు ఉతుకుతూ కూర్చునేది. మా ఇంటి ఆవకాయ నా భార్య కలిపేది. నేను వేడన్నంలో కలుపుకుని, కారం సరిపోలేదని వంకలు కూడా పెట్టేవాణ్ణి. వదిన పోయేదాకా ఒక్క జాడీలో చెయ్యి పెట్టలేదు. ఆమె పోయాక ఆ పేరు ఈ పిల్లకు అంటగట్టారు. నాయనమ్మ చెయ్యే వచ్చిందట, కారప్పొడి కూడా ముట్టుకోనివ్వరు.

అదంతా చెప్పాను. పిల్ల ల్యాప్‌టాప్ మూసి, "నీళ్లు పోసింది మీరేనని అప్పుడే చెప్పలేదేం?" అని మాత్రం అడిగింది.

ఆసామికి కోపమొస్తుందని చెప్పలేదు. ఇంతకన్నా నీచమైన కారణం నాకు తెలియదు. ఈ వేసవి ఆవకాయ ఆ పిల్లే కలుపుతుందని ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను, బకెట్టు సంగతితో సహా. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ అయిదు నిమిషాల కోసం వదిన నలభై వేసవులు గుడ్డలు ఉతికింది.