మా ఇంటి తీర్థం పైపూతకు మాత్రమే

ముందే చెప్తున్న, ఇది చదివినంక మీరు నన్ను ఏ పనికీ నమ్మరు. నమ్మొద్దు గూడ. పట్టపగలు, అందరు చూస్తుండంగ, ఒక ప్రెస్సును, దాని సేఠ్‌ను, మా బాపు పరువును, మా అమ్మ పచ్చళ్లను కలిపి ఎట్ల ముంచబోయిననో చెప్త. గింత పెద్ద పనికి నాకు కావల్సొచ్చింది ఏందనుకుంటున్నరు? మందు సీసాలకు అంటించే లేబుళ్లు. అంతే!

అప్పుడు నేను అఫ్జల్‌గంజ్ వెనక గల్లీల ఒక లేబుల్ ప్రెస్సుల పని చేస్తుంటి. మందుల కంపెనీలకు జిగురు లేబుళ్లు అచ్చేసి, చుట్టలు చుట్టి పంపుడు మా పని. నా కొలువు పేరు క్వాలిటీ అసిస్టెంట్. కొలువు చిన్నదే, నా నడకే పెద్దది. డిగ్రీల కెమిస్ట్రీ చదివిన గద, ఇగ జిగురు కనిపెట్టిందే నేనన్నట్టు మాట్లాడుతుంటి. మెడల ఐడీ కార్డు ఏసుకొని కూరగాయలకు గూడ పోయేదాన్ని.

మా పనిల ఒక్కటే పెద్ద కట్టుబాటు. పాడైన లేబుల్ గేటు దాటొద్దు. రంగు తేడా వచ్చినా, అక్షరం అలుక్కపోయినా, ఆ చుట్ట మొత్తం మిషన్ల ఏసి ముక్కలు చెయ్యాలె. ఎందుకంటే అది బయటికి పోయి ఇంకో సీసాకు అంటుకున్నదనుకో, మనిషి పానం మీదికొస్తది. ఈ ముచ్చట కొత్తగ వచ్చినోళ్లకు చెప్పేదెవరు? నేనే! చేతులు ఊపుకుంట, కండ్లు పెద్దగ చేసి మరీ చెప్తుంటి.

ఇగ ఇంటి సంగతి వినుండ్రి. మాది పురానాపూల్ దగ్గర. బాపు తాతల కాలం నుంచి గుడి సేవల ఉన్నడు. అమ్మ పచ్చళ్ల సేవల ఉన్నది. ఆమె జాడీలకు కాయితం చీటీలు అంటిస్తే నూనెకు ఊడి పడుతుండె. మామిడికాయ అనుకొని తీస్తే గోంగూర, గోంగూర అనుకొని తీస్తే ఉసిరికాయ. తినేటప్పుడు రోజూ లొల్లే.

"గంత కెమిస్ట్రీ చదివినవ్, ఒక్క చీటీ ఊడకుండ అంటియ్యరాదానే నీకు?" అన్నది అమ్మ ఓనాడు.

నా చదువును అన్నంక నేను ఊకుంటనా? సరిగ్గ గప్పుడే ప్రెస్సుల నొప్పుల నూనె లేబుళ్లు పక్కకు పెట్టిర్రు, ఎర్ర గీత కొంచెం గులాబి రంగుకు తిరిగిందని. ముక్కలు చెయ్యాల్సింది నేనే. జిగురు చూస్తే మస్తు. నూనెకు ఊడది, నీళ్లకు ఊడది, ఆవిరికి గూడ ఊడది. గసుంటి బంగారాన్ని మిషన్ల ఎయ్యాల్నంటే నాకు పానం ఒప్పలే. 'అమ్మ జాడీలేమన్న మందు సీసాలా ఏంది?' అని నాకు నేనే చెప్పుకొని బ్యాగుల ఏసుకున్న.

ఇంట్ల దొరికినదానికల్ల అంటించిన. జాడీలకు, కారం డబ్బకు, పసుపు డబ్బకు, ఆఖరికి బాపు గుడి నుంచి తీర్థం తెచ్చే సీసాకు గూడ. ఖాళీ జాగల మార్కర్‌తోని పేర్లు రాసిన. కిందున్న అచ్చు మాత్రం అట్లనే ఉన్నది: "పైపూతకు మాత్రమే. మింగరాదు. పిల్లలకు అందకుండ ఉంచవలెను." మేము ఆ పచ్చళ్లను వేడి వేడి అన్నంల, నెయ్యి ఏసుకొని మరీ మింగినం. గంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతరు చెప్పుండ్రి?

చదివేటాయన ఒకాయన వచ్చిండు. పేరు మూర్తిగారు. ఒక పెద్ద మందుల కంపెనీ తన లేబుళ్ల పని మా ప్రెస్సుకు ఇయ్యాల్నా వద్దా అని చూసి రమ్మని పంపింది ఆయన్ను. ఆ పని మీద ఆశతోనే మా సేఠ్ కొత్త మిషన్ దించిండు. "యే ఆర్డర్ ఆయా తో తూ ఇన్‌చార్జ్, పద్మా బేటీ. నై ఆయా తో సబ్ ఘర్‌కో," అన్నడు. అంటే వస్తే నాకు కుర్సీ, రాకుంటే అందరికీ ఇల్లు.

మూర్తిగారిది కోస్తా దిక్కు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. నేను అన్నీ తిప్పి చూపెట్టిన.

"ఇది నిజంగా ఊడదాండీ?"

"ఉడకబెట్టినా ఊడది సార్!"

"మరి పాడైన లేబుళ్లు?"

"ఒక్క ముక్క గేటు దాటదు సార్. దాటితే నన్నడగుండ్రి." రొమ్ము ఇరుసుకొని చెప్పిన. జరంతన్న సిగ్గుండాలె గద మనిషికి!

పగటి అన్నం యాళ్లయింది. ఆయన బయటి తిండి ముట్టడంట. సేఠ్‌కు ఫికర్ పట్టుకున్నది. ఎవ్వరు అడగకముందే నేనే నోరు తెరిచిన. "మా ఇంట్ల తిందురు రండ్రి సార్. మాది గుడి సేవ చేసే ఇల్లు. మడిగ వండుతది మా అమ్మ."

సేఠ్ నా దిక్కు దేవతను చూసినట్టు చూసిండు. మూర్తిగారు చేతులు కడుక్కోనీకె పోయిండు. గప్పుడు యాదికొచ్చింది నాకు! రోజూ చూసే గోడ లెక్క ఆ లేబుళ్లు నా కండ్లకు ఆనుడే మానేసినయి మరి. మిషన్ సాటుకు ఉరికి అమ్మకు ఫోన్ చేసిన.

"అమ్మా, జాడీల మీది లేబుళ్లు పీకేయ్! జల్ది!"

"ఏందే, పిచ్చా? ఉడికినా ఊడవని నువ్వే చెప్తివి గద."

"కత్తితోని గీకు!"

"జాడీ మీద కత్తి పెడితే నీ చేతులిరగ్గొడ్త."

"అయితే ఏడనన్న దాచిపెట్టు. సార్ అన్నానికొస్తున్నడు. కంటవడితే నా కొలువు పోతది!"

"గట్ల చెప్పు మరి," అన్నది అమ్మ. "దాస్త గని, సార్ కారం తింటడా?"

ఇంటికి పోయేసరికి వంటింట్ల ఒక్క జాడీ లేదు. అమ్మకు మనసుల దండం పెట్టుకున్న. ఆకు ఏసి, పప్పు, బెండకాయ ఏపుడు, చారు వడ్డించింది. మూర్తిగారు పప్పు కలుపుకొని అటిటు చూసిండు.

"పచ్చడి లేదాండీ?"

అమ్మ మొఖం మాడిపోయింది. గల్లీ మొత్తానికి పచ్చళ్లు పంచేటి మనిషి ఆమె. నా కోసం గుండె రాయి చేసుకొని, "మా ఇంట్ల పచ్చళ్లు తినం సార్," అన్నది. నాకు ఏడుపొచ్చింది, నిజంగ.

గప్పుడే బాపు గుడి నుంచి వచ్చిండు. పాపం, ఆయనకేం తెల్వదు. సార్ తినుడు అయినంక, "మా ఇంటికొచ్చినోళ్లు తీర్థం తీసుకోకుంట పోవద్దు సార్. రండ్రి," అని దేవునర్ర తెర జరిపిండు.

జాడీలన్నీ దేవుళ్ల ముందు వరుసగ కూసోని ఉన్నయి. అమ్మ దాచిన జాగ గదే! లేబుళ్లు గోడ దిక్కు తిప్పింది, మంచిదే. కని తీర్థం సీసా బాపు చేతుల ఉన్నది. మూర్తిగారు భక్తిగ చెయ్యి చాపిండు. బాపు సీసా వంచిండు. సార్ కండ్లు లేబుల్ మీద పడ్డయి.

"ఏమండీ, దీని మీద 'మింగరాదు' అనుందండీ."

"అదేం లేదు సార్," అన్నడు బాపు నవ్వుకుంట. "మేం రోజూ మింగుతం."

తీర్థం చేతుల పడ్డది. పారబోస్తే పాపం, తాగితే లేబుల్‌కు విరుద్ధం. మూర్తిగారు కండ్లకద్దుకొని, మిగిలింది నెత్తి మీద రాసుకున్నడు. "పైపూతకే వాడానండీ," అన్నడు మెల్లగ.

ఇగ ఒక్కొక్క జాడీ తిప్పిండు. గోంగూర, మింగరాదు. ఉసిరికాయ, మింగరాదు.

"మేడమ్," అన్నడు నా దిక్కు తిరిగి. "మీ పక్కింటి పిల్లలు ఇక్కడ తింటారా?"

"తింటరు సార్."

"ఈ గులాబీ గీత లేబుల్ ఉంటే అది తినేదేనని వాళ్లకి మీరే నేర్పారు. రేపు ఇదే లేబుల్‌తో నిజం నొప్పుల నూనె వాళ్లింట్లో కనబడితే?"

ఎదురింటి చిన్నపోరి మా జాడీలల్ల వేలు ముంచి నాకుడు కండ్ల ముందు తిరిగింది. చేతులూపుకుంట అందరికీ చెప్పిన మాటే గద అది, నాకే సమజ్ కాలే! సిగ్గుతోని సచ్చిపోయిన.

"తప్పయింది సార్. నాదే తప్పు. సేఠ్‌కు తెల్వదు. ప్రెస్సును ఏం అనకుండ్రి."

"అన్నీ తీసేయండి. నా ముందే ముక్కలు చేయండి. ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"దేవుని మీద ఒట్టు సార్, గివే!"

కూసోని గీకుడు షురువయింది. వేన్నీళ్లు పోసినం, ఊడలే. నూనె రాసినం, ఊడలే. బాపు చింతపండు తెచ్చిండు, లేబుల్ తళతళ మెరిసింది గని ఊడలే. నా గోర్లు అరిగినయి. నేను తిట్టుకున్న కొద్ది మూర్తిగారు, "అబ్బ, ఏం జిగురండీ!" అని మెచ్చుకుంటున్నడు. ఆఖరికి చిన్న చిన్న పేలికలుగ లేచినయి. అన్నీ కత్తెరతోని నూకల లెక్క చేసి సార్‌కు చూపెట్టిన.

ఆయన మొఖం జర మెత్తవడ్డది. "సరేనండీ. ప్రెస్సులో తప్పేం లేదు. ఇంతటితో వదిలేద్దాం," అన్నడు. నాకు పానం లేచొచ్చింది.

చెప్పులు ఏసుకుంటుంటే ఇగ దాచే పని లేదనుకున్నదో ఏమో, అమ్మ లోపలి నుంచి ఉరికొచ్చింది, చేతుల గాజు సీసాల మామిడికాయ పచ్చడి. "తీస్కపోండ్రి సార్, ఇందాక అబద్ధం చెప్పిన, మనసునవట్టలే."

సీసా మీద లేబుల్ ఉన్నది. తాజాగ, ముడత లేకుంట, గులాబి గీతతోని.

"పాతవి నూనె పట్టినయని తీపిచ్చిండ్రు గద సార్, మంచిగయింది," అన్నది అమ్మ. "కొత్తయి అంటిస్త. ఇది పారెయ్యమన్న మిగిలిన చుట్టను బియ్యం డబ్బల దాచిపెట్టిన. మీకేమన్న తక్కువ పడితే అడగుండ్రి, మొఖమాటపడకుండ్రి!"

మూర్తిగారు అమ్మను చూసిండు. నన్ను చూసిండు. చెప్పులు విప్పి మళ్ల లోపలికొచ్చి కూసున్నడు. చుట్ట తెప్పిచ్చి, నాతోని ముక్క ముక్క చేపిచ్చి, సీసా మీది లేబుల్ గీకిపిచ్చినంకనే పచ్చడి తీసుకున్నడు.

"మీ జిగురు పాసండీ," అన్నడు పోయేటప్పుడు. "మీరే ఫెయిలు."

ఆర్డర్ ప్రెస్సుకొచ్చింది. మూర్తిగారు అంతా చెప్పిండు గని సేఠ్ మాట తప్పలే, నన్ను ఇన్‌చార్జ్ చేసిండు, లేబుళ్లు ముక్కలు చేసే మిషన్‌కు! పొద్దుమూకంగ గేటు కాడ నా అన్నం డబ్బ గూడ తెరిపిచ్చి చూస్తుండిరి.

అందుకే, తూర్పు దిక్కు తిరిగి, చేతుల నీళ్లు పట్టుకొని చెప్తున్న. నా కంఠంల పానముండంగ మా ఇంట్ల ఏ సీసాకు, ఏ డబ్బకు, ఏ జాడీకి మళ్ల చీటీ అంటియ్య. ఏది ఏందో తెల్వకుంటే మూత తీసి నాకి చూస్త. నిన్ననే నాకుడు మర్చి, చాయల చక్కెరనుకొని ఉప్పు ఏసుకున్న. మూతి తిప్పకుంట మొత్తం తాగిన. ఒట్టంటే ఒట్టే.