మూడో అంతస్తు దాకా గొట్టం

మంటలంటే ఆయనకు భయం లేదు. కాగితాలంటే భయం. కాలుతున్న గోదాములోకి టోపీ సర్దుకుని దూరిపోయే మనిషి, బడ్జెట్ ఫారం ముందు కూర్చుంటే చెమటలు కక్కేవాడు. పాతికేళ్లు మంటలార్పినందుకు మెచ్చి ఆయన్ను ఫైర్ స్టేషన్‌కు అధికారిని చేశారు. అంటే చేతిలోని గొట్టం లాక్కుని కలం పెట్టారన్నమాట. అది బహుమానమో శిక్షో ఆ ఇచ్చినవాళ్లకే తెలియాలి.

స్టేషన్‌లో అందరూ ఆయన్ని బావగారనే పిలిచేవారు. సొంత బావమరిది అక్కడే పనిచేస్తున్నాడు మరి. గొట్టం కొస పట్టుకుని అందరికన్నా ముందు మంటలోకి వెళ్లే పని అతనిది. అతను బావగారూ అంటుంటే మిగతావాళ్ల నోళ్లకూ అదే అలవాటైంది. చివరికి గదులు ఊడ్చే ముసలమ్మ కూడా, "బావగారూ, కాస్త కాళ్లెత్తండి" అనేది.

బావగారికి తెలిసిన ఆర్థికశాస్త్రమంతా ఇంట్లో భార్య దగ్గర నేర్చుకున్నదే. ఖర్చు పెట్టడం ఎవరికైనా వచ్చు, మిగల్చడమే విద్య అనేది ఆవిడ మాట. మొదటి ఏడాది ఆయన స్టేషన్‌నూ అలాగే నడిపాడు. చిరిగిన గొట్టాలకు అతుకులు వేయించాడు. అతుకు చిరిగితే అతుకు మీద అతుకు వేయించాడు. ఏడాది చివర మిగిలిన సొమ్మంతా పైసలతో సహా పై ఆఫీసుకు తిరిగి పంపి, శభాష్ అనే ఉత్తరం కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఉత్తరం వచ్చింది. ఇంత సొమ్ము మీకు అవసరం లేదని మీరే నిరూపించారు గనుక, ఈ ఏడాది నుంచి ఆ మేరకు తగ్గించడమైనది అని ఉంది అందులో.

బావగారు లబోదిబోమంటూ పక్క స్టేషన్ అధికారికి ఫోన్ చేశాడు. అవతలాయన పడీపడీ నవ్వాడు.

"ఎంత అమాయకుడివయ్యా! పది కావాలంటే ఇరవై అడగాలి. ఏడాది చివర పైసా మిగిలినా ఏదో ఒకటి కొనిపారెయ్యాలి. మా స్టేషన్లో మనుషులకన్నా కుర్చీలెక్కువ, తెలుసా?"

తెలిసింది. కానీ బావగారికి అబద్ధం రాసే చెయ్యి లేదు. అదే ఉంటే ఈ కథే లేదు.

కోత పడిన కొన్నాళ్లకు పరుపుల దుకాణం ఒకటి అంటుకుంది. బావమరిది గొట్టం కొస పట్టుకుని లోపలికి ఉరికాడు. అంతే, వీధిలో అతుకు మీది అతుకు ఊడింది. తమాషా చూడ్డానికి వచ్చిన జనానికి శుభ్రంగా స్నానమైంది గానీ, మంట మీద చుక్క పడలేదు. బావమరిది బయటికొచ్చేసరికి ఎడమ కనుబొమ్మ లేదు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఇంకో రెండడుగులు లోపలుండుంటే పోయేది కనుబొమ్మ కాదని బావగారికి తెలుసు. ఆ అతుకు వేయించింది తనేననీ తెలుసు. ఆయన మాత్రం నవ్వలేకపోయాడు.

ఇద్దరూ ఇంటికి వెళ్తే గుమ్మంలోనే బావగారి భార్య తన తమ్ముణ్ణి ఆపింది.

"ఏరా, ఆ కనుబొమ్మ ఏదిరా?"

"మిగులు సొమ్ముతో పాటు బావగారు పైకి పంపేశారక్కా."

ఆవిడ నవ్వలేదు. భర్త వైపు తిరిగింది. "డబ్బు మిగల్చమన్నాను గానీ నా తమ్ముణ్ణి ఖర్చు పెట్టమన్నానా?"

మర్నాడే ఆయన అతుకుల గొట్టాలన్నీ తీసి అవతల పారేయించాడు. మంచివి బొత్తిగా కొన్నే మిగిలాయి. కొత్తవాటి కోసం పై ఆఫీసు మూడో అంతస్తులో ఉండే బడ్జెట్ ఆఫీసరు దగ్గరికి వెళ్లాడు. ఆ మహానుభావుడు తల కూడా ఎత్తలేదు.

"ప్రతి గొట్టంగాడూ వచ్చి డబ్బులడిగితే ఎక్కణ్ణుంచి తేవాలయ్యా?"

"నేనొచ్చింది గొట్టాల కోసమే సార్."

"ఆ పద్దులో సొమ్ము లేదు. కుర్చీల పద్దులో ఉంది. కావాలంటే కుర్చీలు తీసుకోండి."

"మంట ముందు కుర్చీ వేసుక్కూర్చోమంటారా సార్?"

"అది మీ శాఖ విషయం."

బావగారు ఉసూరుమంటూ ఇల్లు చేరాడు. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్లు అడిగినా పెట్టరేమిటే?"

"నాకు గిన్నె కావాలంటే మిమ్మల్ని అడుగుతానా?" అంది ఆవిడ. "అడిగితే వచ్చే నెల అంటారు. అందుకే చిల్లు గిన్నెలోనే పాలు కాచి, మీకు అరగ్లాసు ఇస్తాను. సాయంత్రానికి కొత్త గిన్నె మీరే తెస్తారు. ఆ సారుకు మీరు లెక్క చెప్పారు గానీ, అరగ్లాసు చూపించలేదు."

ఇన్నేళ్లుగా తాగిన అరగ్లాసుల వెనకున్న రాజకీయం ఆయనకు అప్పుడర్థమైంది. కోపం రావాలి నిజానికి. నవ్వొచ్చింది.

పెద్ద ఆఫీసుల్లో ఏడాదికోసారి మాక్ డ్రిల్ చేయించడం స్టేషన్ అధికారి విధి. ఈసారి ఆయన బడ్జెట్ ఆఫీసరున్న భవనంతోనే మొదలుపెట్టాడు. గంట మోగింది. ఆవరణలో బండి ఆగింది. ఉన్న మంచి గొట్టాలన్నీ ముక్కకు ముక్క తగిలిస్తుంటే, బావమరిది కొస పట్టుకుని మెట్లెక్కాడు. మొదటి అంతస్తు దాటాడు. రెండో అంతస్తులో క్యాంటీన్ గుమ్మం ముందు గొట్టం బిగుసుకుంది. లాగాడు. రాలేదు. మూడో అంతస్తు రెయిలింగ్ మీంచి బడ్జెట్ ఆఫీసరు తొంగిచూశాడు.

"ఏం, ఆగిపోయారే?"

"అయిపోయింది సార్," అన్నాడు బావగారు కింది మెట్ల మీంచి.

"ఏమయిపోయింది?"

"గొట్టం సార్. క్యాంటీన్ దాకా వస్తుంది. టీ తాగేవాళ్లకు ఏ ఢోకా లేదు."

"మరి పైనున్నవాళ్లకి?"

"పైనున్నవాళ్ల పద్దులో సొమ్ము లేదన్నారు కదా సార్."

బడ్జెట్ ఆఫీసరు గొట్టం కొసను చూశాడు. దాన్ని పట్టుకున్నవాడి ముఖంలోని ఒంటి కనుబొమ్మను చూశాడు. తెలియకుండానే ఆయన చెయ్యి తన కనుబొమ్మ మీదికి పోయింది.

వారం తిరక్కుండా సొమ్ము మంజూరైంది. కానీ బడ్జెట్ ఆఫీసరన్నాక పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? టేపు పెట్టి కొలిపించి, సరిగ్గా తన కుర్చీ దాకా వచ్చేంతే ఇచ్చాడు. జానెడు ఎక్కువ లేదు.

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పడి పైకి పాకింది. రెండు రోజులకు స్టేషన్‌లో ఫోన్ మోగింది. అవతల ఆఫీసు మొత్తానికీ పెద్దసారు.

"ఏమయ్యా, గొట్టం మూడో అంతస్తు దాకానే వస్తుందటగా? నేను కూర్చునేది నాలుగులో. తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిసీ ఊరుకున్నావా? డాబా దాకా ఎంతవుతుందో రాసి పంపు."

బావగారు ఫారం ముందు కూర్చున్నాడు. ఈసారి చెమట పట్టలేదు. అవసరమైనంతే రాశాడు. రెట్టింపు రాయలేదు, తగ్గించీ రాయలేదు.

ఏడాది చివర్లో రంగుల గోదాము అంటుకుంది. పరుపుల దుకాణంకన్నా పెద్ద మంట. కొత్త గొట్టం లోపలి గోడ దాకా వెళ్లింది. ఆ సాయంత్రం ఆవిడ గుమ్మంలో నిలబడి, తమ్ముడి గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. కనుబొమ్మలు రెండూ ఉన్నాయి. కొత్తది కొంచెం వంకరగా మొలిచిందంతే.

"ఈ ఏడాది ఏమైనా మిగిలిందా?" అని అడిగింది భర్తను, అలవాటు చొప్పున.

"నీ తమ్ముడు మిగిలాడు," అన్నాడాయన.

ఆవిడ కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి, ఇద్దరికీ నిండు గ్లాసులతో పాలు తెచ్చింది.