పడవ ఆగని సాయంత్రం

ఎంబ్లా పుట్టింది నార్వే పడమటి తీరంలో, మనుషులకన్నా గొర్రెలే ఎక్కువున్న ఒక దీవిలో. నడక రాకముందే పడవెక్కిన పిల్ల. పదహారేళ్ళు వచ్చాక హైస్కూలు కోసం పొద్దున్నే ఎదురుగట్టు పట్టణానికి వెళ్ళి, సాయంత్రం ఆఖరి పడవలో ఇంటికి చేరేది. ఖర్చు తగ్గించాలని చూస్తున్న మునిసిపాలిటీ కన్ను ఆ ఆఖరి పడవ మీదే పడింది. దాన్ని ఎత్తేస్తే దీవి పిల్లలంతా పదహారేళ్ళకే పట్టణంలో అద్దెగదుల్లో ఒంటరిగా ఉండాలి. ఎంబ్లా చదువు ఇంకెంతో లేదు. ఆ తర్వాత వంతు చెల్లెలు ఈడున్‌ది. ఆ పిల్లకి ఇప్పటికీ దీపం ఆర్పితే నిద్ర పట్టదు.

మునిసిపల్ కౌన్సిల్లో యువజన మండలి తరఫున కూర్చునేది ఎంబ్లానే. మాట్లాడవచ్చు గానీ ఓటు లేదు. అక్కడొక ఆచారం ఉండేది. పాపం పడవ అందుకోవాలి కదా అని, సభ మొదలవగానే ముందు పిల్లలకే మాట్లాడే అవకాశం ఇచ్చేవారు. మాట్లాడాక చప్పట్లు, చేతిలో ఒక వాఫుల్ అట్టు, ఇక ఇంటికి. అసలు విషయం చర్చకు వచ్చేసరికి ఆ పిల్ల నడిసముద్రంలో ఉండేది. వ్యాయామశాల మూసేటప్పుడూ అంతే. ఎంబ్లా గొంతు చించుకుని చెప్పింది. చర్చలో ఆ మాట తలచినవాడు లేడు. ఇంత ముద్దుగా నోరు మూయించే మనుషుల మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే.

పడవ విషయం సభకు రావడానికి ముందురోజు ఆమె స్వెర్రె దగ్గరకు వెళ్ళింది. ఆఖరి పడవ నడిపేది అతనే. దీవి మనిషి ఒక్కరు వెనకబడ్డా తాడు విప్పడని అతనికి పేరు.

"మామా, రేపు నా కోసం ఆగొద్దు."

"నిన్నొదిలేసి పొమ్మంటావా? మీ అమ్మ నన్ను ముక్కలు కోసి చేపలకి ఎరేస్తుంది!"

"పోయినసారి ఆగావుగా. సభలో వాళ్ళేమన్నారో తెలుసా? 'నీకేం తల్లీ, పడవే నీకోసం కాచుకునుంటది' అని నవ్వారు. నువ్వు ఆగినంతకాలం వాళ్ళకి నా బాధ అర్థం కాదు."

స్వెర్రె తాడు చుట్టడం ఆపాడు. "ఇన్నేళ్ళలో ఎవర్నీ గట్టుమీద ఒదిలేసి రాలేదే నేను," అన్నాడు. ఒప్పుకున్నాడో లేదో చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం సభలో మేయర్ ఓడ్వార్ నవ్వుతూ ఆమె వైపు తిరిగాడు. చిన్నప్పుడు ఆమెకు ఈత నేర్పింది ఆయనే.

"మన ఎంబ్లాతో మొదలుపెడదాం."

"ఇప్పుడు కాదు మాస్టారూ. పడవ విషయం వచ్చినప్పుడు మాట్లాడతాను."

"అది అన్నిటికన్నా చివర్న ఉందమ్మా. నీ పడవ పోతుంది."

"పోనీండి."

పక్కనున్న కౌన్సిలర్ బెరిత్ కాఫీ కప్పు ఠక్కున దించింది. పడవ ఎత్తేయాలని పట్టుబట్టింది ఆవిడే. "మొండిఘటం. అచ్చం వాళ్ళమ్మే," అంది.

చర్చ మురుగు గొట్టాల మీదికి, మంచు తోసే బండ్ల మీదికి పోయింది. కిటికీలోంచి రేవులో పడవ దీపాలు కనిపిస్తున్నాయి. హారన్ మోగింది. సభలో అందరూ ఆమెను చూశారు. దీపాలు కదల్లేదు. స్వెర్రె ఆగుతున్నాడు. వెళ్ళిపో మామా, వెళ్ళిపో, అని ఆమె లోలోపల బతిమాలుకుంది. ఆగితే బాగుండునని కూడా అనిపించి, తనమీద తనకే ఒళ్ళు మండింది. హారన్ మళ్ళీ మోగింది. దీపాలు మెల్లగా గట్టు విడిచి చీకట్లోకి వెళ్ళిపోయాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

చివరికి పడవ విషయం వచ్చింది. బెరిత్ లేచింది.

"గదుల్లో ఉంటే పిల్లలకి బతకడం తెలుస్తుంది. నేనుండలేదా? చచ్చిపోయానా?"

కొందరు నవ్వారు. మేయర్ చెక్కసుత్తి అందుకున్నాడు. "పిల్లలకి మొదట్లోనే మాట్లాడే అవకాశం ఇచ్చాం కాబట్టి, ఇక ఓటుకి..."

"మాస్టారూ!" ఎంబ్లా లేచి నిలబడింది. "మొదట్లో మాట్లాడించడం మీ అలవాటు. చర్చలో మాట్లాడటం నా హక్కు."

సుత్తి గాల్లోనే ఆగింది. మేయర్ మొహం ఎర్రబడింది. "చెప్పు," అన్నాడు.

"పడవ పోవడం మీరంతా చూశారు. ఈ పూట నేను ఇంటికెళ్ళలేను. మా చెల్లి కిటికీ దగ్గర కూర్చునుంటుంది. మీరు చేతులెత్తితే, రేపు అది ఇక్కడ గదిలో ఇలాగే కూర్చుంటుంది, రోజూ." ఆమె బెరిత్ వైపు తిరిగింది. "బెరిత్ గారూ, మీరు గదిలో ఉన్నానన్నారు. మొదటి రోజు ఏం చేశారు?"

బెరిత్ కుర్చీలో కూర్చుంది.

"ఏడ్చాను," అంది. "వారమంతా ఏడ్చాను."

మేయర్ ఓటుకు పిలిచాడు. ఎత్తేయాలనేవాళ్ళ చేతులు ఒకటొకటిగా లేచాయి. బెరిత్ చెయ్యి మాత్రం బల్లమీదే ఉండిపోయింది. ఆ ఒక్క చెయ్యి తక్కువై తీర్మానం వీగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ సభలో ఎంబ్లా మాటకు చప్పట్లు పడకపోవడం అదే మొదటిసారి.

బయట బెరిత్ తన కారు తలుపు తీసింది. "మా ఇంట్లో సోఫా ఉంది. ఎక్కు, మొండిఘటమా."

కారులో కూర్చున్నాక ఎంబ్లా చెల్లెలికి ఫోన్ చేసింది. తర్వాత స్వెర్రెకి మెసేజ్ పెట్టింది: "రేపు మాత్రం ఆగు మామా."