అమ్మకు పగార్ రాయించిన సార్

మా కామర్స్ సార్ పోయారు. మంగళవారం పొద్దున వాళ్లబ్బాయి కుంఠా నాకాలోని మా మగ్గాల షెడ్డుకు వచ్చి చెప్పాడు. మగ్గాలన్నీ ఆపించాను. పండగ నాడు కూడా మా షెడ్డు అంత మూగగా ఉండదు. ఇవాళ షోలాపూర్‌లో నాకంటూ ఒక కంపెనీ, దానికో బోర్డు ఉన్నాయంటే అది ఆయన చలవే. ఈ మాట ఆయన బతికుండగా అంటే తిట్టేవారు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

సార్ భవాని పేట్‌లో మా వెనక గల్లీలో ఉండేవారు. సాయంత్రం కూరగాయల కోసం కొంతం చౌక్ దాకా నడిచి వెళ్లడం ఆయన అలవాటు. ఎవరికి సలహా కావాలన్నా ఆ నడకలోనే. కూర్చుని మాట్లాడితే మనిషి గొప్పలు పోతాడట, నడుస్తుంటే ఆయాసానికి ఉన్నమాటే బయటికొస్తుందట. సంచీ మాత్రం అడగవచ్చినవాడే మోయాలి.

ఎనభైల చివర్లో నేనూ ఆ సంచీ మోశాను. అప్పట్లో నాన్న, వ్యాపారి సేట్ ఇచ్చిన నూలుతో రెండు మగ్గాల మీద చద్దర్ దుప్పట్లు నేసేవాడు. కూలి సేట్ ఎంత ఇస్తే అంత. నాకేమో సొంతంగా టవళ్ల కంపెనీ పెట్టాలని. అసలు కారణం అమ్మ. పొద్దస్తమానం చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. తంబాకు ఘాటుకు దగ్గు పట్టుకుంది. ఎలాగైనా ఆ చేట పక్కన పెట్టించాలని నా పట్టుదల. లోను కోసం బ్యాంకుకు వెళ్తే, కంపెనీ ఎలా నడుపుతావో వివరంగా రాసుకు రమ్మన్నారు. బ్రహ్మాండంగా రాశాననుకుని సార్‌కు చదివి వినిపించాను.

"ప్రతి మనిషీ స్నానం చేస్తాడు గనుక ప్రతి మనిషీ మాకు గిరాకీయే" అన్న చోట సార్ రోడ్డు మీదే ఆగిపోయారు.

"అందరు స్నానం చేస్తరు, నిజమే. అందరు నీ దగ్గరికే ఎందుకొస్తర్రా? ఒక్క గిరాకీని చూపెట్టు. వానితోని మాట్లాడినంక రాయి."

నమూనా టవల్ చంకన పెట్టుకుని స్టేషన్ దగ్గరి లాడ్జికి వెళ్లాను. టవల్ మెత్తదనం గురించి నేను చెబుతుంటే లాడ్జి యజమాని వినిపించుకోలేదు. గది ఖాళీ చేసేవాళ్లు టవళ్లు కూడా సర్దుకుపోతున్నారని ఆయన బాధ. టవల్ మధ్యలో లాడ్జి పేరు నేసిస్తే రేపే తీసుకుంటానన్నాడు.

"ఇప్పుడు రాయి" అన్నారు సార్. "ఇన్ని రోజులు నీకు తోచింది రాసినవ్. ఇది వానికి కావాల్సింది."

తర్వాత పనివాళ్ల పగార్లు. మా ఊళ్లో జీతాన్ని అలాగే అంటాం. నాన్నకు, నాకు, కూలికి వచ్చే మనుషులకు అన్నీ రాశాను.

"కండెలు ఎవరు చుడ్తరు?" అడిగారు సార్.

"అమ్మ."

"అంచులు ఎవరు కుడ్తరు?"

"అమ్మనే, సార్."

"మరి ఆమె పగార్ ఏది?"

"ఇంటి మనిషే కద సార్!"

నన్ను తిట్టుకునే ముందు ఒక్క మాట వినండి. అప్పట్లో మా పేటలో ఎవరిని అడిగినా ఇదే జవాబు వచ్చేది. మగ్గం ఉన్న ఇంట్లో కండెలకు నూలు చుట్టడం అన్నం వండడం లాంటిదే. పెళ్లిచూపుల్లో కూడా పిల్లకు కండెలు చుట్టడం వచ్చా అని అడిగేవాళ్లు.

సార్ నా చేతిలోంచి సంచీ లాక్కుని, కూరగాయల మాట మరిచి, నేరుగా మా ఇంటికి నడిచారు. అమ్మ గడప దగ్గర చేటతో కూర్చుని ఉంది.

"ఏం చెల్లె, వీడు కంపెనీ పెడ్తడట. బీడీలు బంద్ చేసి దాంట్లకొస్తవా?"

అమ్మ తలెత్తలేదు. "రాను సార్."

"ఎందుకు?"

"బీడీలు చేస్తే వారం వారం నా పైసలు నా చేతికొస్తయి. వీని కంపెనీల చేస్తే చాయ్ వస్తది."

సార్ పగలబడి నవ్వారు. ఎవరి కోసం కంపెనీ అనుకున్నానో ఆ మనిషే అందులోకి రానంటోంది.

అంతా మళ్లీ రాశాను. అమ్మ పగార్ చేర్చేసరికి లాభం సగానికి పడిపోయింది. ఇక లోను రాదని నీరుగారిపోయాను.

"లాభం పోయింది సార్."

"పోలేదురా. అది నీ లాభం కాదు, మీ అమ్మ కష్టం. లాభమని రాసుకున్నవ్, అంతే."

బ్యాంకు మేనేజర్ గారు సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. తల్లికి పగారేమిటని అడిగారు. ఇయ్యకపోతే రానన్నదని ఉన్నమాట చెప్పేశాను. ఆయన నవ్వి, తన దగ్గరికొచ్చే కాగితాల్లో ఇంటివాళ్లంతా గాలి భోంచేసి పనిచేస్తుంటారని, ఇదొక్కటే నమ్మేలా ఉందని అన్నారు. లోను వచ్చింది. చేట అటకెక్కింది. నెమ్మదిగా దగ్గూ తగ్గింది.

మగ్గం నుంచి దిగిన మొదటి టవల్ మా నేతవాళ్ల ఆచారం ప్రకారం మార్కండేయుడి గుడికి ఇచ్చాం. రెండోది అమ్మే సార్‌కు తీసుకెళ్లింది. కుట్టుమిషన్ అప్పుడే నేర్చుకుంటోంది, అంచు వంకరపోయింది.

"వేరేది కుట్టి ఇస్త సార్" అంది సిగ్గుపడుతూ.

"ఉండనీ చెల్లె. పగార్ తీసుకొని కుట్టినవ్, నాకు ఇదే గావాలె."

అప్పటినుంచి ఆయన నడకకు వెళ్తే భుజం మీద అదే టవల్.

మంగళవారం అమ్మా నేనూ వాళ్లింటికి వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ వాకిట్లో ఆగిపోయింది. తీగ మీద ఆ టవల్ ఆరుతోంది. ఉతికి ఉతికి పల్చబడి, అవతలి వెలుతురు కనిపిస్తోంది.

"నిన్న ఆయనే పిండి ఆరేసిండు" అన్నారు సార్ భార్య.

అమ్మ ఆ వంకర అంచును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో తడిమింది.

"కుట్టు ఊడలే" అంది.